మీరు అని రాసిన దొంగ

సోమవారం

ఈ డైరీ కాగితం మీదే రాస్తున్నాను. కారణం ఉంది. నెట్‌కు కలపని వస్తువును ఏ దొంగా దూరం నుంచి ఎత్తుకుపోలేడని ఇవాళ క్లాసులో చెప్పారు. మా అమ్మాయైతే దగ్గర నుంచే ఎత్తుకుపోగలదు. దానికి విరుగుడు మాత్రం చెప్పలేదు. అందుకని బీరువాలో నా పాత స్వెట్టర్ల కింద దాస్తున్నాను. ఆ స్వెట్టర్లంటే దానికి పరమ అసహ్యం.

క్లాసు చెప్పినావిడకు తాళాలావిడ అని పేరు పెట్టేశాను. "మీ ఇంటి తలుపుకి తాళం వేస్తారు కదా, మరి కంప్యూటర్‌కి?" అని మొదలుపెట్టి, చివరిదాకా తాళాలు, గొళ్లేలు, కిటికీ ఊచలు తప్ప ఇంకో మాట లేదు. తెర మీద ఆవిడ ముఖం చిన్న గడిలో కనిపిస్తుంది. వెనకాల గోడకు నిజంగానే ఒక తాళంచెవుల గుత్తి వేలాడుతోంది.

మా కంపెనీ ఈ క్లాసు పెట్టడానికి కారణం మాలో ఒకావిడ. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు వింటూ, కాలి కింద పెడల్ నొక్కి ఆపుకుంటూ, ఎవరింట్లో వాళ్లం కూర్చుని రిపోర్టులు టైపు చేస్తుంటాం మేమంతా. ఆవిడకు "మీ పార్సిల్ ఆగిపోయింది, వెంటనే ఇక్కడ నొక్కండి" అని మెసేజ్ వచ్చిందట. నొక్కింది. అంతే, ఎవడో లోపలికి దూరి ఫైళ్లన్నిటికీ తాళం బిగించి కూర్చున్నాడు. ఎవరి గుండె ఎలా కొట్టుకుంటోందో, ఎవరి కిడ్నీలో రాయి ఎంతుందో అన్నీ వాడి చేతిలో. ఇకమీదట క్లాసు విని పరీక్ష పాసైతేనే మాకు పని ఇస్తారట.

భయపడాల్సిన మాటే. కానీ నాకు భయం వేయలేదు, కుతూహలం పుట్టింది. ఇన్నేళ్లుగా ఈ పెట్టె ముందు కూర్చుంటున్నాను. దీనిలోకి ఇన్ని దారులున్నాయనీ, ఒక్కో దారి దగ్గర ఇంతమంది కాచుకుని ఉంటారనీ నాకెవరూ చెప్పలేదు.

మంగళవారం

ఇవాళ పాస్‌వర్డ్‌ల సంగతి. ఇంట్లో ఉన్నవన్నీ మార్చేశాను. మా ఆయన తన పాస్‌వర్డ్‌ను చీటీ మీద రాసి కంప్యూటర్ తెరకే అంటించుకున్నారు. పీకేస్తుంటే చిన్నబుచ్చుకున్నారు.

"గుర్తుండదే నాకు. ఎక్కడో ఒకచోట రాసుకోవాలిగా."

"రాసుకోండి. అలాగని తాళంచెవిని తాళానికే వేలాడదీస్తారా ఎవరైనా?"

"లిఫ్టు గదులకి అలాగే వేలాడదీస్తారు," అన్నారు. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. అది నిజమేనట, ఇంకేం వాదించను.

వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చాను. కాసేపటికి పక్క వాటావాళ్లు తలుపు కొట్టారు. "మీకు నెట్ వస్తోందా అండీ? మాకెందుకో ఆగిపోయింది." ఇన్నాళ్లూ మా గోడ అవతల మా నెట్ మీదే వాళ్ల టీవీ నడుస్తోందన్నమాట. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "మాకూ సరిగ్గా రావడం లేదండీ," అన్నాను. మా అమ్మాయి సోఫా వెనక దాక్కుని నవ్వింది. ఇప్పుడు నన్ను అమ్మా అని పిలవడం మానేసి వాచ్‌మన్ అంటోంది.

పాస్‌వర్డ్ మరిచిపోతే కంప్యూటర్ మనల్ని అడగడానికి ఒక రహస్య ప్రశ్న పెట్టుకోవాలి. మీకు తప్ప ఎవరికీ తెలియనిది పెట్టుకోండి అన్నారు. "నా వెనకాలే తిరిగేది ఎవరు?" అని రాశాను. జవాబు, తోక.

ఎందుకు రాశానో తెలియదు, చేతికి అదే వచ్చింది. తోక అంటే మా తమ్ముడు. చిన్నప్పుడు నేను ఎక్కడికి వెళ్తే అక్కడికి తయారయ్యేవాడని ఆ పేరు పెట్టాను. వాడి గురించి ఇక్కడ రాయను. మాకిప్పుడు మాటల్లేవు, అంతే.

బుధవారం

ఇవాళ్టి క్లాసు నాకు చాలా నచ్చింది. దొంగ మెసేజ్‌లను పట్టుకోవడం ఎలా అని.

తాళాలావిడ చెప్పేది ఏమిటంటే, దొంగ తలుపు పగలగొట్టడు, మన చేతే తీయిస్తాడు. మనకు తెలిసినవాళ్ల వేషం వేసుకుని వస్తాడు. ఇంతకుముందెప్పుడూ చూడని చిరునామా నుంచి రాస్తాడు. త్వరగా చూడండి, లేకపోతే పోతుంది అని తొందరపెడతాడు. నొక్కమని లింకు ఇస్తాడు. ఎక్కడో ఒకచోట అక్షరదోషం దొర్లుతుంది. వీటన్నిటికంటే పెద్ద గుర్తు మాటతీరు. "మీ వాళ్లు మీతో మామూలుగా ఎలా మాట్లాడతారో మీకు తెలుసు, దొంగకి తెలీదు. చదువుతుంటే 'ఇది వాడి మాట కాదే' అని మనసుకి అనిపిస్తుంది చూశారా, దాన్ని నమ్మండి," అంది. అనుమానం వస్తే మాత్రం లింకు ముట్టుకోకుండా, మన దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి ఆ మనిషినే అడిగి తేల్చుకోవాలట.

పరీక్ష ఏమిటంటే, ఎవరికి వారు తమకు వచ్చిన ఒక దొంగ మెసేజ్ తెచ్చి, అది దొంగదని ఎలా పట్టుకున్నారో అందరి ముందూ విప్పి చెప్పాలి. సోమవారం లోపు.

గురువారం

ఒక్కటి కూడా రాలేదు. మిగతావాళ్లకు రోజుకు అరడజను వస్తున్నాయట. దొంగలకు కూడా నేనంటే ఇంత లోకువేమిటి?

శుక్రవారం

వచ్చింది!

చప్పరించే డాక్టరు (రికార్డు చేస్తూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు, "కాలేయం" అన్నాడో "కారం" అన్నాడో తేల్చుకోవడానికి ఐదారుసార్లు వినాలి) రిపోర్టు మధ్యలో ఉండగా తెర మూలన మెరిసింది. అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ దించుతున్నాను.

"అక్కయ్య గారికి,
మీరు బాగున్నారని తలుస్తాను. ఇది నా కొత్త చిరునామా. కింద లింకులో కొన్ని పోటోలు ఉన్నాయి. మీరు తప్పక చూడవలసినవి. వచ్చే గురువారం తరువాత ఆ లింకు పనిచేయదు. పోన్ చేయడం కుదరలేదు.
మీ తమ్ముడు."

ఎంత ముచ్చటగా ఉందో! తాళాలావిడ చెప్పినవన్నీ ఒక్కచోట కుప్పపోసినట్టు ఉన్నాయి. కొత్త చిరునామా ఉంది, తొందర ఉంది, లింకు ఉంది, అక్షరదోషాలు రెండు ఉన్నాయి. ఇక మాటతీరు చూడబోతే, అక్కయ్య గారట! మీరట!

మా తోకగాడు నన్ను పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి కూడా మీరు అనలేదు. అక్కా అని పిలిచిందే తక్కువ. ఏమే, ఒసేయ్, ఇలా రావే, నా పెన్ను ఇవ్వవే. అక్కని పట్టుకుని ఏమే అంటావేంట్రా అని అమ్మ వీపు మీద ఒకటి వేస్తే, "ఏమేనండీ" అని గౌరవం తగిలించాడు. ఆ మనిషి వేషం వేసుకుని మీరు అని వచ్చాడు ఈ దొంగ. పాపం, పాఠం సరిగ్గా చదవలేదు.

శనివారం

లింకు ముట్టుకోలేదు. కానీ మెయిల్ మాత్రం పొద్దుటి నుంచి ఎన్నిసార్లు తెరిచానో. చదివినకొద్దీ ప్రశ్నలు పుడుతున్నాయి. నాకు తమ్ముడున్నాడని ఈ దొంగకు ఎవరు చెప్పారు? వాడితో ఫోన్లు లేవని ఎలా తెలుసు? "కుదరలేదు" అన్న మాట ఊరికే పడలేదు. ఎక్కువ చెప్పకుండా ఆపేశాడు. తెలివైనవాడే. ఏ ఊళ్లో కూర్చుని రాశాడో, వాడికీ ఒక అక్క ఉందేమో, ఆమెను మీరు అంటాడేమో. అలాంటి ఇళ్లూ ఉంటాయి.

మా ఆయన్ని నేను మీరు అంటాను, అందులో పరాయితనం ఏమీ లేదు. అదే మాట తమ్ముడు అంటే వేరే ఎవరో అన్నట్టుంది. అందుకే దొంగ ఇక్కడ దొరికిపోయాడు. వేరే భాషలో రాసి ఉంటే దొరికేవాడు కాదేమో.

దొంగకు జవాబు రాయకూడదని తాళాలావిడ ఖచ్చితంగా చెప్పింది. ఒక్కటే రాశాను. పరీక్ష కోసమే. "నువ్వు నా తమ్ముడివే అయితే, చిన్నప్పుడు నిన్ను నేను ఏమని పిలిచేదాన్నో చెప్పు."

ఆదివారం

జవాబు వచ్చింది.

"మీరు పిలిచి చాలా రోజులైంది. నాకు గుర్తు లేదు. విసిగించినందుకు క్షమించండి."

పట్టుబడ్డాడు! తెలియదని ఒప్పుకున్నాడు. కానీ దొంగలు క్షమించమని అడుగుతారని నేనెక్కడా వినలేదు. తాళాలావిడను అడగాలి.

సోమవారం

పాసయ్యాను. పాసవడమేమిటి, అందరిలోకీ నాదే బాగుందంది తాళాలావిడ. మెయిల్‌ను తెర మీద పెట్టి ఒక్కో మాట కింద గీత గీస్తూ చెప్పాను. "మీరు" దగ్గరకు వచ్చేసరికి క్లాసంతా నవ్వారు. మాటతీరుతో దొంగను పట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదని, కొత్తగా చేరేవాళ్లకు కూడా చూపిస్తామని అంది.

"మీ తమ్ముడికి ఫోన్ చేసి కనుక్కున్నారు కదండీ?" అని అడిగింది చివర్లో.

"కనుక్కున్నానండీ. వాడు పంపలేదట."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆవిడ చెప్పినట్టే "దొంగ మెయిల్" అన్న మీట నొక్కాను. ఇక ఆ చిరునామా నుంచి ఏది వచ్చినా తిన్నగా చెత్తబుట్టలోకే పోతుంది.

ఫోన్ చేయలేదు. చేసినా అదే చెప్పేవాడు. పైగా వాడి నంబరు మారే ఉంటుంది.

సాయంత్రం మా ఆయనకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివారు, తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"దీన్ని క్లాసులో అందరికీ చూపించావా?"

"చప్పట్లు కూడా కొట్టారండీ!"

"ఊఁ," అని లేచి వెళ్లి వంటింటి కుళాయి బిగించడం మొదలుపెట్టారు. ఆ కుళాయి కారడం లేదు.

మంగళవారం

పని కుదరడం లేదు. "మీరు ప్రస్తుతం వాడుతున్న మందులు" అని డాక్టరు అంటే మీరు దగ్గర పెడల్ నొక్కి ఆపుతున్నాను.

తమ్ముడితో మాటలు ఎందుకు ఆగాయో రాసుకుంటే మనసు తేలికపడుతుందేమో. అందులో నా తప్పేమీ లేదు. వాడు పెళ్లి చేసుకున్న అమ్మాయి పశువుల డాక్టరు. ఒకరోజు ముగ్గురం ఫోన్లో మాట్లాడుకున్నాం. ఉంటాను అని చెప్పేశాను. ఫోన్ బల్ల మీద పెట్టి మా ఆయనతో, "వీడికి ఆ అమ్మాయిలో ఏం కనిపించిందో! మాటలు తూకం వేసి అమ్ముతున్నట్టు మాట్లాడుతుంది. ఆవులతో గేదెలతో ఉండి ఉండి అలా తయారైందేమో," అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఫోన్ కట్ కాలేదు. అది ఫోన్ లోపం. మీటలు సరిగ్గా పనిచేయవు.

అటువైపు నుంచి కాసేపు గాలి చప్పుడు వినిపించింది, తర్వాత వాడు ఫోన్ పెట్టేశాడు. మర్నాడు నేను చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాత వాడు చేస్తే నేను ఎత్తలేదు. అలా జరిగిపోయింది. ఇందులో నా తప్పేముంది?

బుధవారం

పోటోలు. పోన్.

గురువారం

నిన్న ఆ రెండు మాటలు రాసి ఆపేశాను. ఇవాళ మొత్తం రాస్తాను.

మా తోకగాడికి ఫ రాదు. పలకడం వస్తుంది, రాయడం రాదు. రాకపోవడం కూడా కాదు, బద్ధకం. ప రాసి వదిలేసేవాడు. అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద ఎన్నిసార్లు దిద్దించినా మళ్లీ పలితం, పిర్యాదు. మాస్టారు చెవి మెలిపెడితే ఇంటికొచ్చి నాతో, "చదివేవాడికి తెలుస్తుంది కదే, అంత చిన్న తోకకి ఇంత గొడవెందుకు?" అన్నాడు. తోక పేరు పెట్టుకున్నవాడు తోక పెట్టడానికి ఏడుస్తాడని నేను వెక్కిరిస్తే తన్నుకున్నాం.

అక్షరదోషం దొంగకు గుర్తు అని రాసుకున్నాను. దోషాన్నే చూశాను, ఏ దోషమో చూడలేదు.

ఆలోచిస్తే దీనికి ఒక్కటే అర్థం. దొంగ మా తమ్ముడి కంప్యూటర్‌లోకి దూరాడు. వాడు రాసిన పాత ఉత్తరాలన్నీ చదివి, వాడిలాగే తప్పులు రాయడం నేర్చుకున్నాడు. అంటే వాడు ప్రమాదంలో ఉన్నాడు! వాడికి చెప్పాలి. మాటలు లేకపోతే లేకపోయె, ఇది మాటల సంగతి కాదు, భద్రత సంగతి. ఎవరికైనా చెప్తాం.

నంబరు మారి ఉంటుంది కాబట్టి రేపు మా ఆయన్ని అడగాలి. ఆయనకు తెలిసే అవకాశం లేదనుకోండి. (ఎవరితో అంటున్నాను ఈ అనుకోండి?)

శుక్రవారం

పొద్దున ఆయన పనిముట్ల సంచీ సర్దుకుంటుంటే అడిగాను.

"ఏవండీ, మా తమ్ముడి నంబరు మీ దగ్గరేమైనా ఉందా? వాడి పేరుతో ఎవడో మెయిళ్లు పంపిస్తున్నాడు. హెచ్చరించాలి."

ఆయన సంచీ జిప్పు సగంలో ఆపి కుర్చీలో కూర్చున్నారు.

"నంబరు మారలేదు. నీ ఫోన్లో ఉన్నదే."

"మీకెలా తెలుసు?"

"మొన్న కూడా మాట్లాడాను. అప్పుడప్పుడు మాట్లాడుకుంటూనే ఉంటాం మేము." నా వైపు చూడకుండా చెప్పారు. "ఆ మెయిల్ వాడే రాశాడు. నీకు రాయమని నేనే చెప్పాను. ఫోన్ చేస్తే ఎత్తుతావో లేదోనని భయపడ్డాడు."

"మరి సోమవారం నేను చూపించినప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్దామనే అనుకున్నా. నువ్వు అంత సంబరంగా ఉంటే నోరు రాలేదు. వాడితో మాట్లాడి సర్దుదామనుకున్నా. లేటైపోయింది, ఏం చేయను."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు కాబట్టి ఆయన మీద చూపించాను. "వాడైతే మీరు అని ఎందుకు రాస్తాడు? ఏనాడైనా అన్నాడా వాడు నన్ను మీరు అని?"

"నేనూ అదే అడిగానే. 'ఏరా, మీ అక్కని మీరు అని రాశావట, అందుకే నమ్మలేదు' అన్నాను. వాడేమన్నాడో చెప్పనా? 'మీరు అంటే ఎవరికీ కోపం రాదు బావా. నువ్వు అనే చనువు నాకింకా ఉందో లేదో తెలీలేదు' అన్నాడు."

ఆ కుర్చీ పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. నేను దొంగ గుర్తు అనుకుని గీత గీసి క్లాసులో నవ్వించింది ఆ మాటనే. వాడు ఎన్నిసార్లు నువ్వు అని రాసి కొట్టేసి ఉంటాడు?

"ఆ ఫోటోలేంటి?" అని అడిగాను.

"పాప పుట్టింది వాళ్లకి. అది వాడి నోటి నుంచే నీకు తెలియాలన్నాడు. అందుకే నేనూ చెప్పలేదు."

ఆయన పనికి వెళ్లాక చెత్తబుట్ట తెరిచాను. మంగళవారం పంపిన మెయిల్ ఒకటి అందులో పడి ఉంది. "బావ చెప్పమన్నారని రాస్తున్నాను. మాకు పాప పుట్టింది. పోటోలు చూడకపోయినా పరవాలేదు." దాని పైన ఎర్రటి అక్షరాలతో కంప్యూటర్ నన్ను హెచ్చరిస్తోంది, ఈ వ్యక్తిని నమ్మవద్దు అని. పాత మెయిల్‌లోని లింకు నొక్కితే గడువు ముగిసింది అంది.

నాకు మేనకోడలు ఉంది. నేను అత్తనయ్యాను, ఆ వార్త చెత్తబుట్టలో పడి ఉంది, పడేసింది నేనే. పని మానేసి చాలాసేపు ఏడ్చాను. మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి చూసి, వాచ్‌మన్ అనకుండా అమ్మా అంది.

శనివారం

ముందు తాళాలావిడకు ఫోన్ చేశాను, అదైతే తేలిక అని. నా ఉదాహరణ తీసేయండి, అది అసలు తమ్ముడేనని చెప్పాను.

"మరి ఫోన్ చేసి కనుక్కున్నానన్నారు?"

"చేయలేదండీ."

"చెప్పిన జాగ్రత్తలన్నీ తీసుకుని, ఒక్క ఫోన్ దగ్గర ఆగిపోయారన్నమాట," అంది. తిట్టలేదు. మళ్లీ పరీక్షకు కూర్చోవాలంది, ఇంకో మెసేజ్ తెచ్చుకుని. అప్పటిదాకా కొత్త పని రాదు. సరేనన్నాను. ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

తర్వాత వాడి నంబరు నొక్కాను. ఎత్తింది వాడు కాదు, మరదలు.

"చెప్పండి వదినగారూ."

మర్యాదగానే పలికింది. ఎలా ఉన్నావమ్మా, పాప ఎలా ఉంది, నిద్రపోనిస్తోందా అని ఏవేవో అడిగాను. ఒక్కో మాట జవాబు చెప్పింది. చివరికి, "అప్పుడు అన్నదానికి నన్ను క్షమించు," అన్నాను.

"ఆవులూ గేదెలూ అన్నమాటేనా?"

"అదే."

"నిజమే వదినా. వాటితోనే బాగుంటుంది," అంది. నవ్విందో లేదో తెలియలేదు. "ఆయన రేపు ఇంట్లో ఉంటారు. చేయండి. ఫోన్ కట్ అయిందో లేదో నేను చూసుకుంటాలెండి."

ఆదివారం

పాపకు జుట్టు ఒత్తుగా ఉంది. నుదుటి దగ్గర సుడి తిరిగి నిలబడి ఉంటుంది. మా ఇంట్లో ఎవరి పోలికో చెప్పడం కష్టం, కోపంగా చూడడం మాత్రం నా పోలికేనంటున్నారు.

అది చూడడానికి పడ్డ పాట్లు రాయాలి.

పొద్దున ఫోన్ చేశాను. "చెప్పండి," అన్నాడు. వాడి గొంతు అదే. మాట మాత్రం బ్యాంకులో కౌంటరు వెనక నుంచి వచ్చినట్టుంది. ఎలా ఉన్నావురా అంటే "బాగానే ఉన్నామండీ" అన్నాడు. తప్పు నాదేరా అన్నాను. "పాత సంగతులు ఎందుకులెండి," అన్నాడు. మీ తప్పేం లేదని అనలేదు. పోనీ కోప్పడనూ లేదు. తిట్టినా బాగుండేది. వాడు అంత బాగా మాట్లాడుతుంటే నాకు దుఃఖం ఆగలేదు. ఇక మిగిలిన బతుకంతా ఇలా అండీ అండీ అంటూనే మాట్లాడుకుంటామేమో అనిపించింది.

"ఫోటోలు పంపరా, చూస్తాను," అన్నాను.

ఫోటోలన్నీ ఒకే మూట కట్టి పంపుతున్నానన్నాడు. చెత్తబుట్టలోకి పోకుండా ముందు వాడి చిరునామాను నమ్మకస్తుల్లో చేర్చాలి. ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటే చెప్పాడు. చేర్చాను. మూట వచ్చింది. కానీ తాళాలావిడ మాట విని నేను ఇంటికి వేయించిన తాళాలు తక్కువా? "ఈ ఫైలు ప్రమాదకరం కావచ్చు" అని తెర నిండా వచ్చింది. కింద రెండు మీటలు, ఎర్రది తీసేయడానికి, పచ్చది ఉంచడానికి.

"పచ్చది నొక్కండి," అన్నాడు.

నా చేయి ఎర్రది నొక్కేసింది. ఒట్టు, కావాలని కాదు. వారం రోజులుగా ఎర్రది నొక్కడమే నేర్పించాను దానికి.

"పోయిందిరా."

"పరవాలేదండీ. మళ్లీ పంపిస్తాను."

ఆ అండీ విని కుర్చీ ఇంకా ముందుకు జరుపుకున్నాను. రెండో మూట వచ్చింది, మళ్లీ అదే హెచ్చరిక. మా ఆయన వెనక నుంచి "కింద, కింద" అంటున్నారు, మా అమ్మాయి "పైన" అంటోంది, నాకు కళ్లలో నీళ్లు. నొక్కాను. ఎర్రదే.

"మళ్లీ పోయింది," అన్నాను.

"ఏమే, నీకు అసలు కళ్లున్నాయా?" ఫోన్ చెవికి దూరం పెట్టుకోవాల్సి వచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు, పచ్చది, పచ్చది అని! చిన్నప్పుడూ ఇంతే. ఒకటి చెప్తే ఒకటి చేస్తావు! పాప ఇక్కడ ఏడుస్తోంది, నేను దాన్ని ఎత్తుకోవాలా, నీకు మీటలు చూపించాలా?"

మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ఆయనకు తెలిసి ఉండదు. నాకూ తెలియలేదు.

"తిట్టకురా, కంగారులో నొక్కాను," అన్నాను.

"కంగారేంటే నీ మొహం! ఇదిగో, ఆఖరిసారి పంపిస్తున్నాను. వచ్చిందా? చూసి నొక్కు. ఈసారి పోగొట్టావంటే నేనే వచ్చి నీ కంప్యూటర్ బద్దలు కొడతాను."

వచ్చింది. కళ్లు తుడుచుకున్నాను. పచ్చది ఎక్కడుందో చక్కగా కనిపిస్తోంది.

ఎర్రదే నొక్కాను.